జేబులో పావుకిలో

మరిది: ముందొక మాట తేల్చండి వదినా. మీరు తుపాకీయే వద్దంటున్నారా, చిన్న తుపాకీ వద్దంటున్నారా? రెండూ ఒకటి కాదు. అది తెలిస్తే నేను జవాబు చెప్పగలను.

వదిన: జేబులో తుపాకీ వద్దంటున్నాను. నేను తుపాకీ ఉన్న ఇంట్లోనే పెరిగాను మరిదీ. మా నాన్నకి లైసెన్సున్న డబుల్ బ్యారెల్ ఉండేది. చెక్క బీరువాలో పెట్టేవాడు, తాళంచెవి అమ్మ కొంగున ఉండేది. తూటాలు వేరే గదిలో, ట్రంకుపెట్టెలో. ఎన్నికలు ప్రకటించగానే దాన్ని గోనెపట్టాలో చుట్టి స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకునేవాడు. ఫలితాలయ్యాక మళ్ళీ వెళ్ళి తెచ్చుకునేవాడు. దానికొక చోటు ఉండేది. నీ పిస్టల్‌కి చోటు లేదు, నువ్వెక్కడుంటే అదక్కడ.

మరిది: నేనెక్కడుంటే అక్కడ ఉండాలనే కొన్నాను. మావయ్యగారి తుపాకీ పొలం మీద పడే పందుల కోసం. నాది రాత్రి పదకొండున్నరకి స్టోర్ మూసి కారు దాకా నడిచే నలభై అడుగుల కోసం. మొదట్లో పెద్ద పిస్టలే కొన్నాను. తూటాలతో కలిపి కిలోకి దగ్గర. నడుముకి కట్టుకుని స్టూలు మీద కూర్చుంటే పొట్టలో పొడుచుకునేది. టెక్సస్ ఎండల్లో పల్చటి చొక్కా కింద ఉబ్బెత్తుగా కనిపించేది. వారం రోజులు కట్టి, విసుగొచ్చి కార్లో పెట్టేశాను. ఒక రాత్రి షట్టర్ దించి ఇటు తిరిగేసరికి వెనక ఒకడు, చేతిలో కత్తి. గల్లా డబ్బున్న సంచి ఇచ్చాను, పోయాడు. నా తుపాకీ నలభై అడుగుల అవతల, కార్లో, తాళం వేసిన పెట్టెలో భద్రంగా ఉంది. ఆ వారంలోనే చిన్నది కొన్నాను.

వదిన: సంచి ఇచ్చావు, వాడు పోయాడు. ఆ రెండు ముక్కలూ మళ్ళీ ఒకసారి అనుకో. ఇది నీ జేబులో ఉండి ఉంటే ఇచ్చేవాడివా?

మరిది: ఇచ్చేవాణ్ణే. దాని గురించి ఎన్ని రాత్రులు ఆలోచించానో మీ చెల్లెలికి తెలుసు. లైసెన్సు క్లాసులో మాకు మొదట చెప్పింది కూడా అదే, సొమ్ము కోసం ట్రిగ్గర్ మీద వేలు పెట్టొద్దని. నా ప్రశ్న వేరే. సంచి తీసుకున్నాక కూడా కదలనివాడి సంగతేమిటి? కౌంటర్ వెనక నిలబడి, అడిగిందల్లా ఇచ్చి కూడా ప్రాణాలు పోగొట్టుకున్న మన పిల్లల గురించి చదవలేదా మనం?

వదిన: చదివాను. చందాలు వేశాను. పెట్టెలు శంషాబాద్‌లో దిగిన ఫొటోలూ చూశాను. కౌంటర్ వెనక నిలబడేవాడి భయం నిజమైన భయం, దాన్ని నేను తీసిపారేయను. కానీ భయం నిజమైనంత మాత్రాన కొన్న వస్తువు సరైనదైపోదు. 2023 మే 6న అలెన్ ఔట్‌లెట్ మాల్‌లో ఎనిమిదిమంది పోయారు, అందులో మన తెలుగమ్మాయి ఒకరు. ఆ తర్వాత ఏ ఇంట్లో భోజనాలకి కూర్చున్నా ఇదే మాట, ఏది కొందాం, ఎక్కడ కొందాం. రైఫిల్ పట్టుకొచ్చిన వాడి ముందు నీ పావుకిలో ఏం చేస్తుంది? వాణ్ణి ఆపిన పోలీసు చేతిలోనూ రైఫిలే ఉంది.

మరిది: ఏమీ చేయదు. అలెన్‌ని తలుచుకుని జేబు పిస్టల్ కొన్నానని ఎవరైనా అంటే, వాళ్ళకి ఆ వస్తువు గురించి తెలియదన్నమాట. లైసెన్సు పరీక్షలో యాభై గుళ్ళు కాల్చాలి. మూడు గజాల నుంచి ఇరవై, ఏడు గజాల నుంచి ఇరవై, పదిహేను గజాల నుంచి పది. దీని అసలు కొలత ఆ మొదటి మూడు గజాలే. ఎదుటివాడు ఒక్క ఉదుటున మీద పడగలిగేంత దూరం. అంతకు మించి దీన్ని అడగకూడదు.

వదిన: ఇప్పుడు ఆ పరీక్ష కూడా అక్కర్లేదుగా. 2021 సెప్టెంబరు 1 నుంచి ఇరవై ఒకటి నిండి, చట్టం అడ్డు చెప్పనివాడెవడైనా ఈ రాష్ట్రంలో లైసెన్సు లేకుండా జేబులో వేసుకుని తిరగొచ్చు. క్లాసుకి వెళ్ళినవాడివి నువ్వు. వెళ్ళని వాళ్ళెంతమంది?

మరిది: అది తప్పేనని నేనూ అంటాను. అక్కర్లేకపోయినా క్లాసుకి వెళ్ళమనే అందరికీ చెబుతాను. మన వాళ్ళకైతే ఇంకొకటి కూడా చెప్పాలి. గ్రీన్ కార్డు చేతికొచ్చేదాకా నేను తుపాకీ ముట్టలేదు. హెచ్1బీ మీదో ఎఫ్1 మీదో ఉన్నవాడు తుపాకీ కాదు కదా, తూటా దగ్గర పెట్టుకున్నా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులు ఉన్నాయి కానీ వాటిని నమ్ముకుని వీసా పణంగా పెట్టేవాణ్ణి తెలివైనవాడనను. ఊరికే ఒకసారి రేంజ్‌కి తీసుకెళ్ళమని కుర్రాళ్ళు అడుగుతుంటారు. తీసుకెళ్ళను.

వదిన: ఆ మాట గుర్తు పెట్టుకో, మళ్ళీ అక్కడికొస్తాను. ముందు ఇది చెప్పు. పెద్దది బరువని తీసేసి చిన్నది కొన్నావు. చిన్నది ఎందుకు మంచిదో నాకు అర్థమయ్యేలా చెప్పు. దుకాణంవాడి మాటలు వద్దు.

మరిది: చెబుతాను. పాయింట్ 380 తూటా కొత్తదేమీ కాదు. జాన్ బ్రౌనింగ్ తయారుచేస్తే 1908లో కోల్ట్ పిస్టల్‌తో బయటికొచ్చింది. సరిగ్గా వందేళ్ళకి, 2008లో, రూగర్ వాళ్ళు అదే తూటాకి ఎల్‌సీపీ అని ఒక పిస్టల్ తెచ్చారు. ఖాళీగా దాదాపు 270 గ్రాములు, బ్యారెల్ మూడంగుళాల లోపు. ఇప్పుడు జేబు పిస్టల్ అనగానే అందరికీ ఆ తరహాదే గుర్తొస్తుంది. ఇక 1950 నుంచీ ఉన్న స్మిత్ అండ్ వెసన్ ఐదు గుళ్ళ రివాల్వర్. అల్యూమినియం ఒంటిదైతే నాలుగొందల గ్రాములుంటుంది. లోపల ఇరుక్కుపోయే భాగాలు తక్కువ, కానీ ఆ గుండ్రటి సిలిండర్ జేబులో ఉల్లిపాయ పెట్టుకున్నట్టు ఉబ్బుతుంది. 2018లో సిగ్ పీ365 వచ్చింది, మ్యాగజైన్‌లో పది తూటాలు, అవీ తొమ్మిది మిల్లీమీటర్లవి. కాల్చడానికి దానంత హాయి చిన్నవాటిలో లేదు. కానీ ఖాళీగానే అరకిలో. నా ప్యాంటు జేబులో పెట్టి అద్దం ముందు నిలబడితే పంట్లాం ఒక పక్కకి జారింది. మూడూ చేత్తో పట్టి చూశాను, మూడూ రేంజ్‌లో అద్దెకి తీసుకుని కాల్చాను. చివరికి మొదటి తరహాదే తీసుకున్నాను. దాన్నైతే ఆదివారం గుడికి తప్ప అన్ని చోట్లకీ తీసుకెళ్ళగలను. పొద్దున జేబులో వేసుకుంటే సాయంత్రానికి ఉందన్న సంగతే తెలియదు.

వదిన: ఆగు. ఏమన్నావు? ఉందన్న సంగతే తెలియదా?

మరిది: అంత తేలిక అని.

వదిన: నాకు వినపడింది అది కాదు. మా వార్డులో కత్తెర ఎక్కడుందో లెక్క తెలియకపోతే డ్యూటీ మారదు. నువ్వు ఒక తుపాకీని, ఉందన్న సంగతి మరిచిపోవచ్చు కాబట్టి ఎంచుకున్నానంటున్నావు.

మరిది: మరిచిపోవచ్చు కాబట్టి కాదు, ఒంటి మీద ఇబ్బంది పెట్టదు కాబట్టి. ఇబ్బంది పెట్టేది ఇంట్లోనో కార్లోనో మిగిలిపోతుంది. ఇంట్లో మిగిలిపోయిన పెద్ద తుపాకీ కంటే దగ్గరున్న చిన్నది నయం. ఈ ఒక్క మాట దగ్గర మాత్రం నేను వెనక్కి తగ్గను.

వదిన: సరే, దగ్గర ఉంది. దానితో నువ్వు ఎంత బాగా కాల్చగలవు?

మరిది: అక్కడే అసలు చిక్కు. ఒప్పుకుంటాను. ఎంత తేలికైతే అంత గట్టిగా తన్నుతుంది. యాభై గుళ్ళయ్యేసరికి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం ఎర్రగా కందిపోతుంది. పిడి మీద చిటికెనవేలికి చోటుండదు. గురి చూసే గుర్తులు వడ్లగింజంత, పైగా రెండూ దగ్గర దగ్గరగా ఉంటాయి. చేతిలో కొద్దిగా వంకర వస్తే గురి చాలా తప్పుతుంది. మణికట్టు వదులైతే స్లైడ్ పూర్తిగా వెనక్కి రాదు, ఖాళీ డొల్ల ఇరుక్కుంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి మొదటి తుపాకీగా దీన్ని అంటగట్టే అమ్మకందార్లని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. చిన్నది కదా, ఆడవాళ్ళకి బాగుంటుందంటారు. ఇది చెయ్యి తిరిగినవాళ్ళ తుపాకీ.

వదిన: చెయ్యి నొప్పని నువ్వు కూడా సాధన తగ్గించావా లేదా?

మరిది: తగ్గించాను. నెలకోసారి వెళ్ళినప్పుడు పెద్దదానితో వంద గుళ్ళు, దీనితో ఇరవై.

వదిన: అంటే బాగా చేతనైనది ఇంట్లో ఉంటుంది, సరిగా చేతకానిది జేబులో ఉంటుంది. ఇంకొకటి చెబుతాను విను. చిన్న తూటా తగిలి తన కాళ్ళ మీద తనే నడుచుకుంటూ ఎమర్జెన్సీలోకి వచ్చినవాళ్ళకి నేను ఐవీ పెట్టాను. ఒకటి తగిలితే ఎదుటివాడు ఆగిపోతాడని సినిమాలు చెబుతాయి. ఆగడు. ఆ ఆగకపోవడంలో వాడు ఏం చేస్తాడో ఎవరికీ తెలియదు.

మరిది: నిజమే. ఎఫ్‌బీఐ వాళ్ళకే 1986లో మయామీలో ఆ అనుభవమైంది. తగిలినా ఆగని మనిషి చేతిలో ఇద్దరు ఏజెంట్లు పోయారు. ఆ తర్వాతే తూటా కనీసం పన్నెండు అంగుళాల లోతు వెళ్ళాలన్న లెక్క పెట్టుకున్నారు. ఇంత పొట్టి బ్యారెల్ నుంచి వచ్చే చిన్న తూటా ఆ లెక్కకి కొన్నిసార్లు అందుతుంది, కొన్నిసార్లు అందదు. తెలిసే పెట్టుకున్నాను. నాకు కావలసింది వాణ్ణి పడగొట్టడం కాదు, ఆ రెండు క్షణాల్లో నా మీంచి వాణ్ణి దూరం చేయడం. జేబులో చెయ్యి పెట్టుకుని నడవొచ్చు, ఎవరికీ అనుమానం రాదు, చెయ్యి అప్పటికే పిడి మీద ఉంటుంది. నడుముకి కట్టుకున్నవాడికి ఆ వీలు లేదు. కార్లో సీటుబెల్టు పెట్టుకుని కూర్చుంటే మాత్రం జేబులోంచి తీయడం దాదాపు కుదరదు. అదీ చెబుతున్నాను, దాచడం లేదు.

వదిన: నువ్వు దాచవు, అందుకే నీతో మాట్లాడుతున్నాను. జేబులో చాంబర్ నిండే ఉంటుందా?

మరిది: నిండే. అందుకే హోల్‌స్టర్ లేకుండా జేబులో వేయను. ట్రిగ్గర్ పూర్తిగా మూసుకుపోయే తొడుగు అది, బయటివైపు గరుకుగా ఉంటుంది. తీసేటప్పుడు జేబుని పట్టుకుని అది లోపలే ఉండిపోతుంది. ఆ జేబులో ఇంకేదీ ఉండకూడదు. తాళాలు, చిల్లర, లిప్‌బామ్, ఏదీ వద్దు. చేతిలోంచి జారితే పట్టుకోబోకూడదు, పడనివ్వాలి. పట్టుకోబోయిన వేలే ట్రిగ్గర్ మీద పడుతుంది. ఇక శుభ్రం చేయడం. దాని గురించి చెప్పనివ్వండి, ఎందుకంటే జేబు తుపాకీని జేబే పాడుచేస్తుంది.

వదిన: చెప్పు.

మరిది: చొక్కా జేబు తిరగేస్తే మూలల్లో బూడిదరంగు నూగు ఉంటుంది చూడండి. అదంతా బ్యారెల్ మూతిలోకి, స్లైడ్ కిందకి, మ్యాగజైన్‌లోకి పోతుంది. తొడ చెమట ఇనుప భాగాలని తింటుంది. మొదటి వేసవి నేను పట్టించుకోలేదు. ఆగస్టులో రేంజ్‌కి వెళ్ళి నొక్కితే రెండో గుండుకే ఇరుక్కుంది. విప్పితే లోపల దీపం వత్తిలా నూగు, నూనెలో తడిసి ముద్దైపోయి ఉంది. నూనె ఎక్కువ వేయడం కూడా నా తప్పే. తడి ఉన్నచోటికే నూగు చేరుతుంది. ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున, కాఫీ కూడా తాగకముందు, గరాజ్‌లో బల్ల మీద. తూటాలేవీ ఆ గదిలో ఉండకూడదు. ముందు మ్యాగజైన్ తీయాలి, ఆ తర్వాతే స్లైడ్ లాగాలి. ఈ వరస తారుమారైతే మనిషి పోతాడు. ముందు స్లైడ్ లాగితే చాంబర్‌లో ఉన్నది బయటికొచ్చి, మ్యాగజైన్‌లోంచి కొత్తది లోపలికి పోతుంది. తర్వాత మ్యాగజైన్ తీసేసి ఖాళీ అయిందనుకుంటాడు. శుభ్రం చేస్తుంటే పేలిందన్న వార్తలు చదివినప్పుడల్లా నాకు ముందు ఈ వరసే గుర్తొస్తుంది. అందుకే కంటితో చూసి వదలను. చిటికెనవేలు లోపల పెట్టి ఖాళీ అని తడిమి చూస్తాను. తర్వాత పొడి బ్రష్, పొడిగుడ్డ, రాపిడి ఉన్నచోట నువ్వుగింజంత నూనె.

వదిన: తీసిన తూటా మళ్ళీ అందులోకే వెళుతుందా?

మరిది: మంచి ప్రశ్న అడిగారు. అదే తూటాని వారం వారం లోపలికి తోస్తుంటే దాని ముక్కు తొడుగులోకి కొద్ది కొద్దిగా దిగిపోతుంది. పేలినప్పుడు లోపల ఒత్తిడి పెరుగుతుంది. కొత్త తూటా పక్కన దాన్ని నిలబెట్టి, పైన స్కేలు అడ్డంగా పెట్టి చూస్తాను. వెంట్రుకవాసి పొట్టిగా కనబడినా అది ఇక జేబులోకి రాదు. స్ప్రింగులు కూడా అంతే. ఇంత పొట్టి స్లైడ్‌ని ఆపాలంటే గట్టి స్ప్రింగులు కావాలి, పెద్ద పిస్టల్‌లో కంటే త్వరగా అలిసిపోతాయి. ఎన్ని గుళ్ళు కాల్చానో పుస్తకంలో రాసి, తయారీదారు చెప్పిన లెక్కకి మార్చేస్తాను.

వదిన: ఆదివారం గరాజ్‌లో నీ అంత జాగ్రత్తపరుడు లేడు. ఒప్పుకున్నాను. మరి మొన్న సంక్రాంతికి?

మరిది: సంక్రాంతికి ఏమైంది?

వదిన: భోగి రాత్రి స్టోర్ నుంచి ఆలస్యంగా వచ్చి, మర్నాడు పూజ వేళకి కంగారుగా లేచి పంచె కట్టుకున్నావు. పంచెకి జేబు లేదు మరిదీ. నేను చేతులు కడుక్కుందామని కింద బాత్రూంలోకి వెళ్ళాను. తలుపు వెనక కొక్కేనికి నీ ప్యాంటు. ఒక కాలు తిన్నగా వేలాడుతోంది, రెండోది పక్కకి లాగినట్టు, ఆ జేబు కిందికి దిగి ఉంది. చూడగానే తెలిసిపోయింది. బయట పిల్లలు ఏడుగురు. మీ పాప తొమ్మిదేళ్ళది, అందరిలోకీ అదే పెద్దది. నేను లోపల గడియ పెట్టుకున్నాను. దాన్ని ఎలా ఖాళీ చేయాలో నాకు తెలియదు. ముట్టుకోవాలంటే భయం, వదిలి వెళ్ళాలంటే ఇంకా భయం. ఇరవై నిమిషాలు అక్కడే నిలబడ్డాను. తలుపు కొట్టినవాళ్ళందరికీ కడుపునొప్పి అని చెప్పాను. చివరికి ప్యాంటుని అలాగే తువ్వాలులో చుట్టి, చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు పట్టుకుని, మీ గదిలో అలమరా పై అరలో పెట్టి తాళం వేశాను.

మరిది: అది మీరా? నేను మీ చెల్లెలు పెట్టిందనుకున్నాను. తను నేనే పెట్టాననుకుందేమో, అడగలేదు. నేనూ అడగలేదు.

వదిన: మీ ఇంట్లో పైగదిలో మీ అక్క కొడుకు ఉంటున్నాడు. ఎఫ్1 మీద. వాడు కుతూహలంకొద్దీ తీసి చూసి ఉంటే? ఇందాక కుర్రాళ్ళని రేంజ్‌కి కూడా తీసుకెళ్ళనన్నావు.

మరిది: హోల్‌స్టర్‌లో ఉంది వదినా. కానీ అది జవాబు కాదని నాకు తెలుసు. పదిహేడేళ్ళ లోపు పిల్లల చేతికి అందేలా వదిలితే ఈ రాష్ట్రంలోనూ నేరమే, చట్టం చెప్పకపోయినా నేరమే. ఆ రాత్రి అలమరాలో చూశాక నిద్రపట్టలేదు. మర్నాడే గుమ్మం పక్కన గోడకి చిన్న ఇనుపపెట్టె బిగించాను, నంబర్లు నొక్కితే తెరుచుకునేది. ఇంట్లోకి రాగానే చెప్పులు విడవక ముందే అది పెట్టెలోకి. ఇప్పుడు దానికీ ఒక చోటుంది.

వదిన: పెట్టె మంచిదే. కానీ నా భయం పాపతో ఆగదు. 2023లో ఈ దేశంలో తుపాకీతో పోయినవాళ్ళు 46,728 మంది. అందులో 27,300 మంది ఎవరి చేతిలోనూ పోలేదు, తమని తామే కాల్చుకున్నారు. మాత్రలు మింగినవాళ్ళని మేం చాలామందిని వెనక్కి తెచ్చుకుంటాం. వాళ్ళలో ఎక్కువమంది మళ్ళీ ఆ పని చేయరు. తుపాకీతో అయితే మాకు ఆ అవకాశమే దక్కదు. నీ మేనల్లుడు ఉద్యోగం దొరక్క మూడు నెలలుగా గదిలోంచి సరిగా బయటికి రావడం లేదు. పెట్టె నంబర్ ఎవరికి తెలుసు?

మరిది: నాకూ మీ చెల్లెలికీ. పాప పుట్టినరోజు.

వదిన: మార్చు.

మరిది: ఈ రాత్రే మారుస్తాను. వాడితో కూడా మాట్లాడతాను, తుపాకీ సంగతి కాదు, వాడి సంగతి. అది మీరు చెప్పేదాకా నాకు తట్టలేదు. కానీ వదినా, నలభై అడుగులు ఇంకా అక్కడే ఉన్నాయి. గల్లా డబ్బు ఇప్పుడు బయటికి తేవడం లేదు, తీయడానికి నాకే వీలుకాని డ్రాప్ సేఫ్‌లో వేస్తున్నాను. లైట్లు పెట్టించాను, కెమెరాలు పెట్టించాను. మూసేవేళకి రెండో మనిషిని పెట్టుకునే స్థోమత లేదు. నా దగ్గర సంచి లేదని వాడికెలా తెలుస్తుంది? 911కి చేస్తే వస్తారు, మంచివాళ్ళే. ఆ నలభై అడుగులు మాత్రం నాతో నడవరు. తీసెయ్యమంటారా, చెప్పండి. మీరు తీసెయ్యమంటే తీసేస్తాను.

వదిన: ఆ మాట నా చేత అనిపించొద్దు. తీసెయ్యమని, రేపు నీకేమైనా అయితే మా చెల్లెలి మొహం ఎలా చూడను? ఉంచుకోమని, రేపు ఆ ఇంట్లో ఏదైనా జరిగితే ఆ స్ట్రెచర్ మా ఎమర్జెన్సీకే వస్తుంది. నేను జేబులో తుపాకీ వద్దన్నాను. ఇప్పటికీ వద్దనే అంటాను. నువ్వు మానవని కూడా తెలుసు.

మరిది: స్టోర్ ఉన్నంతకాలం మానలేను.

వదిన: అయితే నాకొకటి నేర్పు. పేల్చడం వద్దు, గురి వద్దు. ఖాళీ చేయడం మాత్రం నేర్పు. మ్యాగజైన్ ముందు, స్లైడ్ తర్వాత, చిటికెనవేలు. మళ్ళీ ఎప్పుడైనా తలుపు వెనక కనిపిస్తే ఇరవై నిమిషాలు గడియ పెట్టుకుని నిలబడలేను.

మరిది: శనివారం పొద్దున రేంజ్‌లో చూపిస్తాను. మీ చెల్లెల్నీ తీసుకొస్తాను. ఇన్నేళ్ళలో తనకీ నేర్పలేదు.

వదిన: శనివారం డ్యూటీ ఉంది. ఆదివారం వస్తాను, మీ గరాజ్‌కి. పిల్లల్ని మా ఇంట్లో దింపి రండి.